కాపరి (పాస్టరు) తప్పులో పడ్డాడని తెలిస్తే సంఘం ఏం చేయాలి

రాజోలులో శనివారం రాత్రి పాస్టరుగారి తప్పు గురించి బయటికొచ్చిన ఆడియో, ఆదివారం ఆరాధనకు గంట కొట్టేలోపే కువైట్‌లో పనిచేసే అక్కల ఫోన్లలో ఉంటుంది. మందిరంలో అప్పటికే రెండు జట్లు తయారవుతాయి. "దైవజనుడి మీద నింద వేస్తున్నారు" అనేవాళ్లు ఒకవైపు, "మాకు ఎప్పుడో తెలుసు" అనేవాళ్లు ఇంకోవైపు. ఈ గొడవలో గాయపడిన మనిషి సంగతి ఎవరికీ పట్టదు. సంఘాలు చీలడానికి కాపరి తప్పు ఎంత కారణమో, అది బయటపడ్డ మొదటి వారంలో పెద్దలు చేసిన తప్పుడు పనులూ అంతే కారణం. కాబట్టి ఏది ముందు చేయాలి, ఏది తరవాత చేయాలి అన్నదే ఇక్కడ అసలు విషయం.

మొదటే ఒకటి ఖాయం చేసుకోండి. క్షమించడం వేరు, పుల్పిట్ (ప్రసంగ వేదిక), అంటే కాపరి పని, తిరిగి అప్పగించడం వేరు. ఈ రెండూ కలిపేస్తే పెద్దలు చేసే ప్రతి పనీ వంకర పోతుంది.

ముందు తేల్చుకోవలసింది: ఇది నేరమా, పాపమా, లోపమా

బాధపడినది పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ అయితే సంఘంలో విచారణ అనే మాటే ఎత్తకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. ఒక సంస్థకు బాధ్యుడై ఉండి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచితే ఏడాది వరకు శిక్ష పడవచ్చు. సంఘ కార్యదర్శి, పెద్దలు ఈ రెండో మాట బాగా గుర్తుంచుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. అమలాపురంలో ఉన్నవాళ్లు కాకినాడలో జరిగిన సంగతి గురించి అమలాపురం స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టంలో, అంటే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్‌లో, ఇది స్పష్టంగా ఉంది.

పెద్ద వయసు స్త్రీ విషయంలో బలవంతం, బెదిరింపు, ఫోటోలు పెట్టుకుని ఏడిపించడం ఉంటే అదీ నేరమే. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది. ఇస్తానంటే వెంట వెళ్లడం సంఘం పని. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. అత్యాచారం జరిగితే ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేయాలి. ముందు పోలీసు కాగితం తెమ్మని వెనక్కి పంపకూడదు.

ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరి ఇష్టంతోనే జరిగిందని వినబడినప్పుడు "అయితే ఇద్దరిదీ తప్పు" అని వెంటనే సమం చేసేస్తారు. ఆ తొందర వద్దు. భర్త గల్ఫ్‌లో ఉండి, ఇంట్లో జబ్బు మనిషి ఉండి, ప్రార్థన కోసం వచ్చిన స్త్రీకీ, తలమీద చెయ్యి పెట్టి దేవుని మాట చెప్పే మనిషికీ బలం సమానం కాదు. పోలీసు కేసు కాకపోయినా, కాపరి విషయంలో అది మామూలు వ్యభిచారం కంటే బరువైనది. యెహెజ్కేలు 34వ అధ్యాయం గద్దించేది మందను తిని బతికిన కాపరులనే.

డబ్బు సంగతుల్లో కానుకలు వాడుకోవడం, దొంగ సంతకాలు, విశ్వాసుల దగ్గర చీటీలు కట్టించుకుని ఎగ్గొట్టడం నేరాల కిందికే వస్తాయి. కోపం, గర్వం, లెక్కలు సరిగా రాయకపోవడం, నెరవేరని ప్రవచనాలు చెప్పడం లాంటివి పెద్దలు కూర్చుని గద్దించి సరిదిద్దగల లోపాలు. వీటికి మైకులో ప్రకటన అక్కర్లేదు.

పెద్దమనుషుల పంచాయితీ వద్దు

డెల్టా గ్రామాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. పేటలో నలుగురు పెద్దలు, పార్టీ నాయకుడు ఒకరు కూర్చుంటారు. ఇంత జరిమానా కట్టమంటారు, తెల్లకాగితం మీద సంతకాలు తీసుకుంటారు, ఆడపిల్లను మేనమామ ఊరికి పంపేస్తారు. అత్యాచారం, పోక్సో కేసులు రాజీ పడదగినవి కావు. ఆ కాగితం కోర్టులో పెద్దలను రక్షించకపోగా, నేరం తెలిసీ దాచారనడానికి అదే రుజువవుతుంది. డబ్బు చేతులు మారితే ఇంకా చెడ్డ.

సంఘంలో దీనికి వాక్యం కూడా అడ్డం పెడతారు. మత్తయి 18:15 ప్రకారం ముందు ఆమె ఒంటరిగా వెళ్లి ఆయనతో మాట్లాడాలంటారు. ఆ మాట సహోదరుల మధ్య వచ్చిన తగాదా గురించి. పెద్ద మీద వచ్చిన ఆరోపణకు పౌలు వేరే దారి చూపించాడు. 1 తిమోతి 5:19లో ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలన్నాడు, ఆ వెంటనే 20వ వచనంలో పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమన్నాడు, 21లో పక్షపాతం వద్దన్నాడు. చాలామంది 19 చదివి పుస్తకం మూసేస్తారు. సాక్షులంటే గది లోపల కళ్లారా చూసినవాళ్లే కానక్కర్లేదు. ఫోన్ మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంట్, అదే అనుభవం ఎదురైన ఇంకో ఇద్దరి మాటలు కూడా సాక్ష్యమే. "అన్యజనుల ముందు వ్యాజ్యెం వద్దు" అని 1 కొరింథీ 6 చూపిస్తారు. అక్కడ ఉన్నది ఆస్తి తగాదా లాంటి వ్యవహారం. నేరానికి అధికారి ఖడ్గం ఊరకే ధరించలేదన్న రోమా 13:4 వర్తిస్తుంది.

బాధపడిన మనిషి మాట వినే పద్ధతి

వినడానికి ఇద్దరు పెద్ద వయసు స్త్రీలు చాలు. పాస్టరమ్మగారికి గానీ, పెద్దలకు గానీ దగ్గర బంధువులు కాకూడదు. మందిరంలో, పాస్టరుగారి ఇంట్లో కూర్చోకండి. ఆమె కోరిన చోట, ఆమె తోడు తెచ్చుకున్న మనిషి ఎదుట వినండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరికి చెప్పింది అన్నవి ఆమె మాటల్లోనే రాసి, చదివి వినిపించి, తేదీ వేయండి. "అంత రాత్రి ఎందుకెళ్లావు", "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అన్నవి అడగకండి. ఆ కాగితం ఒకే ప్రతి ఉండాలి, కవరులో సీలు వేసి ఒకరి దగ్గరే ఉంచాలి. బాధపడినది బిడ్డ అయితే ఇలా కూర్చోబెట్టి అడగనే వద్దు. పోలీసులు, మేజిస్ట్రేట్ చట్టం చెప్పిన పద్ధతిలో అడుగుతారు. మనం ముందే పదిసార్లు అడిగితే బిడ్డ మాటను కోర్టులో నేర్పించిన మాట అంటారు.

మెసేజీలు ఉన్న ఫోన్‌ను అలాగే ఉంచండి. స్క్రీన్‌షాట్లు గ్రూపుల్లో తిప్పకండి. లైంగిక నేరానికి గురైన మనిషి ఎవరో తెలిసేలా ప్రచురిస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది. పేరు రాయకపోయినా, "చెరువు గట్టు వీధిలో టైలరుగారి చిన్నమ్మాయి" అంటే చిన్న ఊళ్లో అది పేరు రాసినట్టే.

మొదటి 48 గంటలు

ఆరోపణ బలంగా ఉందనిపించగానే, అది రుజువయ్యేదాకా ఆగకుండా, కాపరిని పరిచర్య నుంచి పక్కకు జరపాలి. అది శిక్ష కాదు, జీతం ఆపకండి. రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ తేదీ నుంచి విచారణ పూర్తయ్యేవరకు ప్రసంగం, సంస్కారం (ప్రభురాత్రి భోజనం), బాప్తిస్మం, గృహదర్శనాలు, కౌన్సెలింగ్ ఏవీ ఉండవని, ఫిర్యాదు చేసిన వారితోగానీ వారి కుటుంబంతోగానీ మాట్లాడకూడదని రాయాలి. తాళాలు, మినిట్స్ పుస్తకం, సభ్యుల రిజిస్టరు, బాప్తిస్మపు రిజిస్టరు, వివాహ రిజిస్టరు తీసుకుని జాబితా రాసి ఇరువైపులా సంతకాలు పెట్టించండి. వివాహ రిజిస్టరు మర్చిపోతారు. తరవాత పాస్‌పోర్టుకో వీసాకో పెళ్లి సర్టిఫికెట్ కావాల్సినవాళ్లు ఇబ్బంది పడతారు.

ఎవరికి చెప్పాలన్నది సంఘాన్ని బట్టి ఉంటుంది. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే కృష్ణా-గోదావరి డయోసీసు బిషప్ కార్యాలయానికి, లూథరన్ అయితే ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చ్) అధికారులకు, బాప్టిస్టు సంఘమైతే తమ కన్వెన్షన్‌కు అదే రోజు రాతలో పంపాలి. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో బౌడెన్, బీర్ అనే మిషనరీ కుటుంబాల పనితో మొదలైన బ్రదరన్ సహవాసాల్లో జీతం తీసుకునే పాస్టరు వ్యవస్థ మొదట లేదు. పెద్దల మీద ఆరోపణ వస్తే మిగతా పెద్దలు, పక్క అసెంబ్లీల (బ్రదరన్ సంఘాల) పెద్దలు కలిసి చూడాలి.

స్వతంత్ర సంఘాలదే అసలు కష్టం. అక్కడ పాస్టరే స్థాపకుడు, ట్రెజరరు, స్థలం యజమాని. పైన ఎవరూ లేరు. అలాంటి చోట బయటి నుంచి ఐదుగురిని పిలవండి. అందులో కనీసం ఇద్దరు స్త్రీలు, ఒక న్యాయవాది, లెక్కలు చూడగల ఒకరు ఉండాలి. ఆయన బంధువులు, ఆయన సభల్లో ప్రసంగించేవాళ్లు, ఆయన "ఆత్మీయ తండ్రి" ఉండకూడదు. గడువు నలభై ఐదు రోజులు పెట్టండి. ఏయే ఆరోపణలు చూడాలో కాగితం మీద ముందే రాసివ్వండి. కాపరికి ఆరోపణ పూర్తిగా తెలపాలి, జవాబు రాసుకునే అవకాశం ఇవ్వాలి. పోలీసు కేసు నమోదైతే ఈ కమిటీ సాక్షులతో మాట్లాడటం ఆపేయాలి, లెక్కల పని మాత్రం చూసుకోవచ్చు.

బయటివాళ్లు ఎందుకంటే, ఇంట్లోవాళ్లు చూడలేరు. చెన్నైలో పుట్టి ప్రపంచమంతా పేరు పొందిన ప్రసంగీకుడు రవి జకరయాస్ మీద 2017లో ఆరోపణ వచ్చినప్పుడు ఆయన సంస్థ ఆయన పక్షాన నిలబడింది. 2020లో ఆయన చనిపోయాక బయటి న్యాయవాదుల సంస్థతో విచారణ చేయిస్తే, 2021 ఫిబ్రవరిలో వచ్చిన నివేదికలో ఎన్నో ఏళ్లుగా జరిగిన లైంగిక దుష్ప్రవర్తన బయటపడింది.

డబ్బు, కాగితాలు

పుల్పిట్ పక్కన అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి నంబరుదో ముందు చూడండి. చాలాచోట్ల పాస్టరుగారి సొంత ఫోన్‌కే ఉంటుంది. అది తీసేసి సంఘం ఖాతాది పెట్టండి. గల్ఫ్ నుంచి డబ్బు పంపేవాళ్లకు కొత్త ఖాతా నంబరు పెద్దలిద్దరి గొంతుతో ఆడియోలో చెప్పి పంపండి. లేకపోతే ఇదే అదనుగా ఎవరో ఒకరు నకిలీ నంబరు తిప్పుతారు. బ్యాంకుకు తీర్మానం కాపీతో సంతకాల మార్పు లేఖ ఇవ్వండి. యూట్యూబ్ ఛానల్, ఫేస్‌బుక్ పేజీ పాస్‌వర్డ్‌లు కూడా ఆస్తే.

తరవాత సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో స్థలానికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. కానుకల డబ్బుతో కొన్న స్థలం పాస్టరు పేరునో, భార్య పేరునో ఉండటం మామూలు. ఆయన తిరిగి రాసిస్తానంటే రిజిస్టరు దస్తావేజే కావాలి, నోటి మాట గానీ తెల్లకాగితం గానీ పనికిరాదు. అమ్మేస్తాడన్న భయం ఉంటే ఆలస్యం లేకుండా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కోసం న్యాయవాదిని కలవండి. సంఘం 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే బైలాస్, చివరిసారి రిజిస్ట్రారుకు ఇచ్చిన కార్యవర్గం జాబితా తెప్పించుకోండి. చాలాసార్లు అందులో చనిపోయినవాళ్ల పేర్లు ఉంటాయి. విదేశీ నిధుల అనుమతి ఉన్న సంస్థ అయితే ఆడిటరుతో మాట్లాడకుండా ఆ ఖాతాలో రూపాయి కూడా కదపకండి.

విశ్వాసుల దగ్గర తీసుకున్న చేబదుళ్లకు వేరే జాబితా రాయండి. ఎవరు, ఎంత, ఏ తేదీన, నోటు ఉందా లేదా అని. ప్రామిసరీ నోటు మీద దావాకు గడువు సాధారణంగా మూడేళ్లే. "అయ్యగారు ఇస్తారులే" అని ఊరుకుంటే నోటు చెల్లకుండా పోతుంది. సార్వా కోతలయ్యాక ప్రథమ ఫలాలుగా వచ్చిన ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు అమ్మిన లెక్క కూడా అడగాలి. రసీదు పుస్తకంలో ఎక్కనివి ఎక్కువగా ఇవే.

సంఘానికి చెప్పడం

మొదటి ఆదివారమే చెప్పాలి. రెండో వారానికి వదంతే చరిత్ర అయిపోతుంది. ఆరాధన ముగిశాక సభ్యులను ఉండమని, చిన్నపిల్లలను సండే స్కూలు టీచర్లతో బయటికి పంపి, ఒక పెద్ద కాగితం చూసి చదవాలి. సొంతంగా మాట్లాడితే ఏడుపో, కోపమో, ఒక పేరో జారుతుంది. లైవ్ ఆపేయండి. ఇలా చదవవచ్చు:

"మన సంఘ కాపరి మీద తీవ్రమైన ఆరోపణ పెద్దలకు వచ్చింది. ఫలానా తేదీ నుంచి ఆయన పరిచర్య నుంచి తప్పుకుని ఉన్నారు. విచారణ జరుగుతోంది. బాధపడినవారి పేరు తెలుసుకోవడానికి ఎవరూ ప్రయత్నించవద్దు. ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే ఈ ఇద్దరు సహోదరీల్లో ఎవరితోనైనా చెప్పవచ్చు. ఫలానా ఆదివారం నాటికి మళ్లీ చెబుతాం."

ఇంత చాలు. "ఆత్మీయ యుద్ధం", "శత్రువు పన్నాగం" లాంటి మాటలు వద్దు. అవి వింటే ఇంకో బాధితురాలు ఎప్పటికీ నోరు విప్పదు. చెప్పిన ఆదివారం నాటికి కొత్త సంగతి లేకపోయినా లేదని చెప్పండి.

ఆ తరవాత ఇళ్లలో రెండు వాదనలు వినిపిస్తాయి. ఒకటి, "అభిషిక్తులను ముట్టకూడదు". 105వ కీర్తనలో ఆ మాట దేశం కాని దేశంలో తిరిగిన పితరులకు రాజులు కీడు చేయకుండా దేవుడు కాపాడిన సందర్భంలోది. అభిషిక్తుడైన దావీదు ఎదుట నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్న నాతాను ఏ పాపమూ చేయలేదు. రెండోది, "దావీదు కూడా పడ్డాడు కదా". పడ్డాడు, క్షమాపణా పొందాడు. కానీ ఖడ్గం ఆ ఇంటిని విడిచిపోలేదు, 51వ కీర్తనలో ఒక్క సాకు కూడా లేదు. ఆ పోలిక తెచ్చే పాస్టరు ఆ రెండూ కూడా తేవాలి.

ఇంకో భయం చాలామందికి ఉంటుంది, పైకి అడగరు. "ఆయన ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా?" చెల్లుతుంది. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో, చెడ్డ కాపరి ఇచ్చిన బాప్తిస్మం చెల్లదన్న డొనాటిస్టులతో సంఘం ఈ ప్రశ్న మీదే పోరాడింది, అగస్టీను జవాబిచ్చాడు. 1530 నాటి లూథరన్ విశ్వాస ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో 8వ అంశం ఇదే చెబుతుంది. ఇచ్చేవాడు చెడ్డవాడైనా క్రీస్తు ఇచ్చింది చెడదు. బాప్టిస్టు లెక్కలోనైనా అది మునిగిన మనిషి విశ్వాసానికి గుర్తు, ముంచిన చేతికి కాదు. ఎవరినీ మళ్లీ కాలువలోకి దింపనక్కర్లేదు.

అమ్మగారు, పిల్లలు

పాస్టరుగారి భార్య ముద్దాయి కాదు. వారంలో ఇల్లు ఖాళీ చేయమనకండి, మూడు నెలలు గడువు ఇవ్వండి. బియ్యం, పిల్లల ఫీజులు, మందుల ఖర్చు ఆమె చేతికే, భర్త చేతికి కాకుండా అందాలి. ఆదివారం లేచి భర్త తరఫున సాక్ష్యం చెప్పమని ఒత్తిడి పెట్టకండి. స్త్రీల సమాజం బాధ్యత ఆమెదైతే కొన్నాళ్లు సెలవు ఇవ్వండి, తీసేశామని చెప్పకండి. కాలేజీకి వెళ్లే పిల్లలు ఉంటే ఒక యవ్వనస్థుడు రోజూ ఫోన్ చేయాలి. నలుగురి ముందూ వాళ్లను కావిలించుకుని ఏడవడం ప్రేమ కాదు.

నింద అబద్ధమైతే

అదీ జరుగుతుంది. స్థలం తగాదా, చీలిపోయిన జట్టు, కులం పట్టింపు వెనక ఉంటే ఇంకా జాగ్రత్త. మొదట మాట్లాడినవాడి మాట న్యాయంగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాక తేటపడుతుందని సామెతలు 18:17లో ఉంది. విచారణలో నిర్దోషి అని తేలితే అదే మైకులో, అదే గొంతుతో, పక్క సంఘాలకూ రాతలో చెప్పాలి. రుజువు కాలేదన్నంత మాత్రాన ఫిర్యాదు చేసినామె అబద్ధమాడిందని ప్రకటించకండి. ఆ రెండూ ఒకటి కాదు.

పశ్చాత్తాపం, ఆ తరవాత

నిజమైన పశ్చాత్తాపానికి గుర్తులు చూడగలిగేవే ఉంటాయి. తప్పుకు పేరు పెడతాడు, "ఎవరినైనా బాధపెట్టి ఉంటే" అనడు. జక్కయ్య లాగా డబ్బు తిరిగి ఇస్తాడు. బాధితురాలిని క్షమాపణ అడుగుతానంటూ ఇంటి మీదికి వెళ్లడు. క్రమశిక్షణ గడువు ఎంతని బేరమాడడు. పోలీసు కేసులో సాక్షులను తిప్పడు. అన్నిటికంటే, మూడు నెలలు తిరక్కుండా కాలువ అవతలి గట్టున పందిరి వేసి కొత్త సంఘం మొదలుపెట్టడు. అలా పెడితే ఆ ప్రాంత పాస్టర్స్ ఫెలోషిప్‌కు విచారణ నిర్ణయం రాతపూర్వకంగా పంపండి. గొడవ వదిలితే చాలని మంచి సిఫారసు లేఖ ఇచ్చి పంపడం పక్క ఊరి ఆడపిల్లలకు చేసే ద్రోహం.

పశ్చాత్తాపపడినవాణ్ణి అధిక దుఃఖంలో మునిగిపోకుండా ఆదరించమని 2 కొరింథీ 2:7 చెబుతుంది. వెనక బల్ల మీద కూర్చోనివ్వండి, కొంతకాలం తరవాత సంస్కారంలో పాలు ఇవ్వండి, బతుకుతెరువు చూపించండి. రొయ్యల చెరువు లెక్కలు రాయడమో, కొబ్బరి వ్యాపారమో, ఏదైనా సరే, పిల్లలకు ట్యూషన్ మాత్రం వద్దు. ఇదంతా క్షమాపణ లెక్క. పుల్పిట్ లెక్క వేరు. అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని నడిపేవాడికి, బయటివాళ్ల దగ్గర కూడా మంచి పేరుండాలని 1 తిమోతి 3:7 అడుగుతుంది. పిల్లల మీద నేరం చేసినవాడికి ఆ దారి ఎప్పటికీ మూసే ఉండాలి. బాధితురాలు ఉన్న సంఘానికే ఆయన ఆరాధనకు వస్తానంటే, మారాల్సింది ఆయన సంఘమే, ఆమెది కాదు.

ఈ లోగా పుల్పిట్ ఖాళీ అని పేరున్న ప్రసంగీకుణ్ణి తెచ్చి కూర్చోబెట్టకండి. మూడు నాలుగు నెలలు పెద్దలే వాక్యం చెప్పనివ్వండి, సంస్కారానికి పక్క ఊరి కాపరిని పిలవండి. రావడం మానేసినవాళ్ల జాబితా రాసి ఆరు వారాల్లో ఇద్దరిద్దరుగా వెళ్లి కలవండి. తిరిగి రమ్మని అడగడానికి వెళ్లొద్దు, వినడానికి వెళ్లండి.

కొత్త కాపరిని పిలిచేటప్పుడు 1 తిమోతి 5:22లోని త్వరపడకుమన్న మాట అక్షరాలా పాటించండి. ఆయన ఇచ్చిన నంబర్లకు కాకుండా, ముందు పనిచేసిన సంఘంలో మీరే వెతికి పట్టుకున్న ఇద్దరు స్త్రీలతో, ఒక ట్రెజరరుతో మాట్లాడండి. పోలీసు క్లియరెన్స్ అడగండి. ఒక ఏడాది ప్రొబేషన్, ఖాతాకు ఎప్పుడూ ఇద్దరి సంతకాలు, స్థలం ఆయన పేరున ఉండదన్న షరతు, స్త్రీల ప్రత్యేక ప్రార్థనకు తలుపు తెరిచి ఇంకో సహోదరి ఎదుటే అన్న నియమం, ఇవన్నీ పిలుపు ఉత్తరంలోనే రాయండి. వీటికి నొచ్చుకునే అభ్యర్థిని అక్కడితో ఆపేయండి.